మూడేళ్ల పాపకి ఆల్బినిజం, నాకు టాంజానియాలో ఉద్యోగం. తీసుకెళ్లొచ్చా?

విభాగం: పిల్లల పెంపకం, ప్రవాసం

సరస్సు_ఒడ్డున
అందరికీ నమస్కారం. చాలాకాలంగా ఇక్కడ చదువుతున్నాను కానీ రాయడం ఇదే మొదలు.

మాది పల్నాడు. టాంజానియాలో విక్టోరియా సరస్సు పక్కన మ్వాంజా ఊళ్లో ఒక పత్తి మిల్లులో అకౌంట్స్ చూస్తాను. పాపకి మూడేళ్లు. పుట్టుకతోనే ఆల్బినిజం. జుట్టు ఎండుగడ్డి రంగు, ఒళ్లంతా తెలుపు, కనుగుడ్లు కుదురుగా నిలవవు, ఎండలోకి తెస్తే కళ్లు మూసేసుకుంటుంది. కాన్పుకి వెళ్లినప్పటి నుంచీ మా ఆవిడ, పాప నరసరావుపేటలో మా అత్తగారింట్లోనే ఉన్నారు. ఇక ఇద్దర్నీ తెచ్చుకుందామని కంపెనీని క్వార్టర్ అడిగాను.

ఈలోగా మిల్లు గేటు దగ్గర కాపలా ఉండే పెద్దాయన నా ఫోన్లో పాప ఫొటో చూశాడు. ముద్దుగా ఉందన్నాడు. కాసేపటికి పక్కకి పిలిచి, "ఈ ఫొటో ఇంకెవరికీ చూపించకు" అన్నాడు. ఎందుకని అడిగితే చెప్పాడు. ఆ రాత్రి నెట్లో వెతికి చదివాను. చదివినకొద్దీ టెన్షన్ తప్ప దారి కనబడలేదు.

ఊళ్లో గొడవ వేరే. "గ్రహణం నాడు బయట తిరిగింది", "కుంకుమపువ్వు పాలు ఎక్కువ తాగింది" అని మా ఆవిడని అనని చుట్టం లేరు. మాది మేనరికం, ఆమె మా మేనమామ కూతురే. అంటున్నవాళ్లంతా అటూ ఇటూ మా ఇద్దరికీ చుట్టాలే.

మ్వాంజాకి తేవచ్చా? దార్ ఎస్ సలామ్‌కి బదిలీ అడగనా? ఇక్కడి తల్లిదండ్రులు ఇలాంటి పిల్లల్ని ఎలా కాపాడుకుంటున్నారో తెలిసినవాళ్లు చెప్పండి.

పల్నాడు_పిడుగు
అన్నా, ఇందులో ఆలోచించడానికేముంది? రాజీనామా చేసి వచ్చెయ్. పత్తి మిల్లులు గుంటూరులో లేవా? పిల్లని తీసుకెళ్లి పులి నోట్లో పెడతావా?

వేదిక నిర్వాహకులు
మొదటి పోస్టులోని పాప ఫొటో తీసేశాం. ఊరి పేరు, మిల్లు, పాప వయసు, దాంతోపాటు ఫొటో కూడా ఒకే చోట ఉండటం మంచిది కాదు. పోస్టు రాసినవారు ఏమనుకోవద్దు. ఈ చర్చలో ఎవరూ పిల్లల ఫొటోలు పెట్టవద్దని మనవి.

పద్మజ_దార్
తమ్ముడూ, ముందు స్థిమితపడండి. నేను చాలా ఏళ్లుగా దార్‌లో ఉంటున్నాను, స్కూల్లో పాఠాలు చెబుతాను. మీ భయం ఉత్తిది కాదు. కానీ అది ఎక్కడి నుంచి వస్తుందో తెలిస్తే జాగ్రత్త ఎక్కడ పడాలో తెలుస్తుంది.

ఇక్కడ ఊరి వైద్యుణ్ని మ్గంగా అంటారు. అందరూ చెడ్డవాళ్లు కాదు, ఎక్కువమంది వేర్లూ ఆకులూ ఇచ్చుకునేవాళ్లే. కొందరు మాత్రం ఆల్బినిజం ఉన్నవాళ్ల శరీర భాగాలతో మందు చేస్తే బంగారం పడుతుందని, వలలో చేపలు పడతాయని, ఎన్నికల్లో గెలుస్తారని నమ్మిస్తారు. గెయిటా, షిన్యాంగా వైపు బంగారు గనులు, మీ మ్వాంజా చుట్టూ చేపల వేట. రెండూ అదృష్టం మీద నడిచే పనులు. దాడులు ఈ సరస్సు చుట్టుపక్కల ప్రాంతాల్లోనే ఎక్కువగా జరగడానికి అదొక కారణం.

2008లో విక్కీ న్టెటెమా అనే బీబీసీ విలేకరి మారువేషంలో ఈ మంత్రగాళ్ల దగ్గరికి వెళ్లి బేరం ఎలా సాగుతుందో బయటపెట్టింది. బెదిరింపులు వచ్చి కొన్నాళ్లు అజ్ఞాతంలో ఉండాల్సి వచ్చింది. అదే ఏడాది అధ్యక్షుడు కిక్వెటె ఆల్బినిజం ఉన్న అల్ షైమా క్వెగిర్ అనే ఆవిడని పార్లమెంటుకి నామినేట్ చేశారు. 2009లో షిన్యాంగా కోర్టు ఒక బాలుడి హత్య కేసులో ముగ్గురికి మరణశిక్ష వేసింది. 2015 జనవరిలో ప్రభుత్వం మంత్రగాళ్లని నిషేధించింది. దాడులు తగ్గాయి, ఆగలేదు.

ఇప్పుడు అసలు సంగతి. డబ్బున్నవాడు ఒకడు అడుగుతాడు, మ్గంగా చెబుతాడు, కూలికి ఒప్పుకున్నవాడు చేస్తాడు. కానీ ఫలానా ఇంట్లో ఫలానా పిల్ల ఉంది, రాత్రి ఎక్కడ పడుకుంటుంది అన్న కబురు ఇచ్చేది మాత్రం ఇంటి మనిషో పక్కింటి మనిషో. 2014 డిసెంబర్లో మీ మ్వాంజా ప్రాంతంలోనే నాలుగేళ్ల పాపని రాత్రి ఇంట్లోంచి ఎత్తుకెళ్లారు. పోలీసులు అరెస్టు చేసినవాళ్లలో కన్నతండ్రి ఉన్నాడు. 2024 మే నెలాఖరులో కగేరాలో రెండేళ్ల పసిపిల్లని తల్లి దగ్గర్నుంచి లాక్కెళ్లారు. ఆ కేసులో పట్టుకున్న తొమ్మిది మందిలో తండ్రీ ఉన్నాడు, ఒక చర్చి ఫాదరూ ఉన్నాడు.

ఇది మిమ్మల్ని భయపెట్టడానికి రాయడం లేదు. గోడ ఎత్తు పెంచితే సరిపోదని చెప్పడానికి రాస్తున్నాను. పని మనిషిగా ఎవరిని పెట్టుకుంటారు, ఆమె ఎవరి ద్వారా వచ్చింది, ఆమె ఇంటికి మీరు ఎప్పుడైనా వెళ్లారా, కాపలా మనిషి సెలవు పెట్టినప్పుడు ఎవరు వస్తున్నారు, అసలు భద్రత ఇక్కడుంది. ఆ గేటు దగ్గరి పెద్దాయన ఉన్నాడు చూశారా, ఆయన్ని వదులుకోకండి.

బదిలీ సంగతికొస్తే దార్‌కే అడగండి. మ్వాంజాలో అసాధ్యమని కాదు. ఇక్కడ జనం ఎక్కువ, ఒకరి గొడవ ఒకరికి పట్టదు, ఆసుపత్రులు దగ్గర.

లిలాంగ్వే_లక్ష్మి
పద్మజ గారు చెప్పింది నిజమే కానీ నేనైతే పాపని బయటికే తీయను. మేం మలావీలో షాపు నడుపుతున్నాం. ఇక్కడ 2014 చివర్లో మొదలైంది ఈ పిచ్చి. సమాధులు కూడా తవ్వారు. ఎముకల్లో బంగారం ఉంటుందట! మా షాపులో పనిచేసే అమ్మాయి చెల్లికి ఆల్బినిజం. ఆ అమ్మాయి బడికి వెళ్లేటప్పుడు ఇద్దరు అన్నలు చెరో పక్క నడుస్తారు. చీకటి పడితే ఇల్లు కదలదు. పిల్ల ఉందన్న సంగతే నలుగురికీ తెలియకపోతే మంచిది కదా.

గ్రహబలం_శాస్త్రి
పాప జన్మనక్షత్రం, పుట్టిన సమయం పంపండి. సర్పదోషం వల్ల ఇలాంటి శిశువులు జన్మిస్తారు. సరైన శాంతి చేయిస్తే క్రమంగా వర్ణం మారుతుంది. నా ద్వారా గతంలో

[ఫోన్ నంబరు, మిగతా భాగం తొలగించాం. నిర్వాహకులు]

తెల్లకాకి_తెనాలి
శాస్త్రి గారూ, నాకు నలభై దాటాయి. వర్ణం ఇంకా మారలేదు. ఇంకెన్నాళ్లు ఆగమంటారు?

మిగతావాళ్లకి పరిచయం: నాకూ ఆల్బినిజమే. పేరు నేను పెట్టుకున్నదే, బళ్లో పెట్టిన పేర్లలో ఇదొక్కటే నచ్చింది. దొరబాబు, పాలడబ్బా, పొద్దుచూడనోడు లాంటివి ఇంకా చాలా ఉన్నాయి. బ్యాంకులో పనిచేస్తున్నాను, పెళ్లయింది, ఇద్దరు పిల్లలు, ఇద్దరూ వాళ్లమ్మ రంగు.

చిన్నప్పుడు మా నాయనమ్మ నన్ను సూర్య నమస్కారాలు చేయించేవాళ్లతో పంపింది, సూర్యుడు కోపగించాడని. పొద్దున్నే ఎండలో గంట నిలబెట్టేవారు. వీపు బొబ్బలెక్కేది. బొబ్బలొస్తే దోషం బయటికి పోతోందనేవారు. ఆవిడకి నేనంటే ప్రాణం, అందులో అబద్ధం లేదు. ప్రేమతో చేసే పిచ్చి పనిని ఆపడమే కష్టం. శత్రువైతే తలుపేసుకోవచ్చు, నాయనమ్మని ఏం చేస్తాం?

చివరికి ఆపింది మా నాన్న. అరవలేదు. నన్ను ఆసుపత్రికి తీసుకెళ్లేటప్పుడు ఆవిడని కూడా తీసుకెళ్లి, డాక్టరు చేతే చెప్పించాడు. కొడుకు మాట వినని మనిషి డాక్టరు మాట విన్నది. మర్నాటి నుంచి గొడుగు పట్టుకుని నా వెంట బడి దాకా వచ్చేది, గొడుగు తీస్తే ఊరుకునేది కాదు. ఊళ్లో వాళ్లకి ఉపన్యాసాలు కూడా ఇచ్చింది.

పాపని దాచిపెట్టమన్న లక్ష్మి గారితో నాకు కుదరదు. దాచిపెట్టిన పిల్ల గురించే కథలు పుడతాయి. రోజూ వీధిలో ముక్కు తుడుచుకుంటూ తిరిగే పిల్లలో మాయ ఏముంటుంది?

లిలాంగ్వే_లక్ష్మి
తెనాలిలో ముక్కు తుడుచుకుంటూ తిరగడం వేరు బాబూ, ఇక్కడ వేరు. మీకు పడింది పేర్లు. ఇక్కడ కత్తులు.

తెల్లకాకి_తెనాలి
అది ఒప్పుకుంటాను.

చర్మవైద్యం_ఓరుగల్లు
డాక్టర్ని. చుట్టాలకి చెప్పడానికి పనికొస్తుందని కొంచెం వివరంగా రాస్తాను.

ఒంట్లో రంగునిచ్చే పదార్థం మెలనిన్. దాన్ని తయారు చేసే జన్యువుల్లో లోపం ఉంటే ఆల్బినిజం వస్తుంది. మామూలుగా కనిపించే రకం రావాలంటే తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి, రెండూ మారిన జన్యువులే బిడ్డకి చేరాలి. ఒక్కటే ఉన్నవాళ్లకి ఏ తేడా కనబడదు, మీ ఇద్దరిలాగే. గ్రహణానికీ కుంకుమపువ్వుకీ ఇందులో పాత్ర లేదు. ఒకే కుటుంబంలో తాతల నాటి జన్యువు రెండు శాఖల్లో దిగి, మేనరికంలో మళ్లీ కలుసుకునే అవకాశం ఎక్కువ. కాబట్టి "కోడలి తప్పు" అనే మాటకి అర్థమే లేదు. సగం మీ అబ్బాయిది అని మీ అమ్మగారికి చెప్పండి. తర్వాతి ప్రతి కాన్పుకీ నాలుగింట ఒక వంతు అవకాశం ఉంటుంది. ఒకసారి వచ్చింది కాబట్టి మళ్లీ రాదని కాదు, తప్పక వస్తుందనీ కాదు.

యూరప్, ఉత్తర అమెరికాల్లో 17 వేల నుంచి 20 వేల మందిలో ఒకరికి ఉంటుంది. టాంజానియాలో దాదాపు 1,400 మందికి ఒకరు. అక్కడ రోజూ కనిపించేది, అయినా నమ్మకాలు పోలేదు. అలవాటైతే భయం పోతుందని అనుకుంటాం కానీ అలా జరగలేదు.

ఇది బొల్లి కాదు. బొల్లి మధ్యలో మచ్చలుగా వస్తుంది, ఇది పుట్టుకతో ఒళ్లంతా ఉంటుంది. రెండూ అంటుకోవు.

మీరు నెట్లో చదివినవన్నీ దాడుల గురించే అయ్యుంటాయి. రోజూ ఉండే ప్రమాదం ఎండ. మ్వాంజా భూమధ్యరేఖకి దగ్గర, పైగా ఎత్తు మీదుంది. అక్కడి ఎండలో రక్షణ లేకుండా పెరిగిన ఇలాంటి పిల్లలకి యవ్వనంలోనే చర్మ క్యాన్సర్ వచ్చే ప్రమాదం చాలా ఎక్కువ. బట్టలే మొదటి మందు: పొడుగు చేతులు, ముదురు రంగు, దగ్గర నేత, చుట్టూ అంచున్న టోపీ. క్రికెట్ టోపీ పనికిరాదు, చెవులూ మెడా కాలిపోతాయి. ఎస్‌పీఎఫ్ 30కి తగ్గని సన్‌స్క్రీన్ క్రీమ్ బయటికెళ్లే ముందే రాసి, రెండు గంటలకోసారి మళ్లీ రాయాలి. పెదాలు మర్చిపోవద్దు. మానని పుండు ఏదైనా కనిపిస్తే వెంటనే చూపించాలి.

ఇంకొకటి. దెబ్బ తగలకుండానే ఒంటి మీద నీలి మచ్చలు పడుతున్నా, ముక్కులోంచి రక్తం ఎక్కువ కారుతున్నా డాక్టరుకి చెప్పండి. ఆల్బినిజంలో ఒక అరుదైన రకంలో రక్తం త్వరగా గడ్డకట్టదు. పన్ను పీకించే ముందు తెలియాలి.

టాంజానియాలోనే మోషి ఊళ్లో ఉన్న చర్మవ్యాధుల శిక్షణ కేంద్రంలో ఆల్బినిజం ఉన్నవాళ్ల కోసం కిలీసన్ అనే సన్‌స్క్రీన్ తయారు చేస్తారు. అక్కడి వాతావరణానికి తగ్గట్టు చేసిందే. ఇక్కణ్నుంచి సూట్‌కేసు నిండా మోసుకెళ్లక్కర్లేదు.

పల్నాడు_పిడుగు
డాక్టర్ గారూ, రెండో బిడ్డ విషయంలో ముందే టెస్టు చేయించుకోవచ్చు కదా? ఉంటే తీయించుకోవచ్చు.

చర్మవైద్యం_ఓరుగల్లు
ముందు పాపకి ఏ జన్యువులో మార్పు ఉందో తేలాలి. హైదరాబాద్‌లో సీడీఎఫ్‌డీ లాంటి చోట జన్యు పరీక్షలు, కౌన్సెలింగ్ ఉన్నాయి. తేలాక ఏం చేయాలన్నది ఆ దంపతుల ఇష్టం. వాళ్లు ఇక్కడ ఆ ప్రశ్న అడగలేదు.

తెల్లకాకి_తెనాలి
పిడుగు తమ్ముడూ, ఇది చదువుతున్నవాళ్లలో తీయించుకోకుండా మిగిలినవాళ్లం కూడా ఉన్నాం. కొంచెం చూసి మాట్లాడు.

పల్నాడు_పిడుగు
సారీ అన్నా. అలా అనాలని కాదు.

నిర్మల్_దాకా
ఆఫ్రికా ఆఫ్రికా అంటున్నరు, మన దగ్గర మాత్రం ఏం తక్కువ? గుప్తనిధుల కోసం గుడి వెనక తవ్వేటోళ్లు, అంజనాలు వేసేటోళ్లు, బలి అంటూ పేపర్లో వచ్చే వార్తలు చూస్తలేమా? 2018 జనవరిలో చంద్రగ్రహణం అప్పుడు హైదరాబాద్ చిలుకానగర్‌లో డాబా మీద పసిబిడ్డ తల దొరికింది, యాదికుందా? ఊళ్లె ఉంటే సేఫ్, అక్కడికి పోతే డేంజర్ అని లెక్క వేసుకోకు అన్నా. పాప ఎక్కడున్నా చుట్టూ ఉన్న మనుషుల్నే చూసుకోవాలె.

మహారాష్ట్ర 2013లో, కర్ణాటక 2017లో చేతబడులు, నరబలుల మీద చట్టాలు చేసినయ్. చట్టం ఉంటే పోలీసోడికి కేసు ఏ కింద రాయాల్నో తెలుస్తది, అంతవరకు మేలే.

సరస్సు_ఒడ్డున
అందరికీ పేరుపేరునా థాంక్స్. శాస్త్రి గారి మెసేజ్ మా అమ్మకి ఎవరో ఫార్వర్డ్ చేశారు, శాంతి చేయిద్దామని ఫోన్ చేసింది. నిర్మల్ అన్న రాసింది చదివాక మా ఆవిడకి ఈ చర్చ లింకు పంపాను. ఆమె కూడా రాస్తానంది.

పాప_అమ్మ_నపేట
నమస్కారం అండీ. నేను వాళ్ల ఇంటావిడని. అన్నీ చదివాను. అందరూ ఆయన్నే అడుగుతున్నారు, ఆయనే చెబుతున్నారు. పాపతో ఇరవైనాలుగు గంటలూ ఉండేది నేను కాబట్టి నాలుగు మాటలు చెబుతాను.

నిర్మల్ అన్న అన్నట్టు నాకు భయం వేసింది ఇక్కడే. మా దూరపు చుట్టం ఒకావిడ పాప జుట్టు కొంచెం అడిగింది. ఎందుకంటే ఎవరో అంజనం వేయించుకుంటున్నారట, తెల్లపిల్ల వెంట్రుక కావాలన్నారట. పాపకేం కాదులే, వెంట్రుకేగా అంది. పుట్టెంట్రుకలు తిరుమలలో ఇచ్చాం, అది దేవుడికి. ఇది ఎవరికి? ఇవ్వలేదు. అప్పట్నుంచి మా ఇంటికి రావడం మానేసింది. మా అమ్మ మాత్రం "పోనీలే ఇవ్వాల్సింది, గొడవెందుకు" అంటుంది. ఇవాళ వెంట్రుక అడిగినవాళ్లు రేపు ఏం అడుగుతారో మా అమ్మకి తోచదు. చెడ్డది కాదు, గొడవంటే భయం.

ఇక్కడ పాప మధ్యాహ్నమంతా తలుపులేసిన గదిలోనే. ఎండకి కొంత, వచ్చేపోయేవాళ్ల నోళ్లకి కొంత. మూడేళ్ల పిల్లకి వాళ్ల నాన్న ఫోన్లో ఉండే మనిషి. నేను వెళ్లాలనుకుంటున్నాను. మ్వాంజా వద్దంటే దార్. కానీ అక్కడ కూడా తలుపేసిన గదే అయితే ఇక్కడే ఉంటాను, కనీసం భాష వచ్చు. పద్మజ అక్కా, మీరు చెప్పండి. అక్కడి తల్లులు ఏం చేస్తారు? వార్తల్లోవి వద్దు, మామూలు రోజున ఏం చేస్తారు?

పద్మజ_దార్
అమ్మా, నువ్వు రాసింది చదివి చాలాసేపు ఏమీ రాయలేకపోయాను. నువ్వు అడిగినట్టే మామూలు రోజుల సంగతి చెబుతాను.

జుట్టుతో మొదలుపెడతా, నీకు ఆ సంగతి అర్థమైంది కాబట్టి. సరస్సు మీద కొందరు జాలర్లు ఆల్బినిజం ఉన్నవాళ్ల వెంట్రుకలు వలలో కలిపి అల్లితే చేపలు పడతాయనుకుంటారు. అందుకని మా స్కూల్లో ఒక తల్లి కొడుకు జుట్టు ఇంట్లోనే కత్తిరిస్తుంది. క్షవరం షాపుకి పంపదు. కత్తిరించింది ఊడ్చి కాల్చేస్తుంది. గోళ్లూ అంతే. నువ్వూ అదే చెయ్.

పిల్లాడు ఒంటరిగా నడవడు, గుంపులో నడుస్తాడు. బడికి వెళ్లే దారి, టైము అప్పుడప్పుడూ మారుతుంది. ఎవరొచ్చి తీసుకెళ్లాలో బడిలో పేర్లు రాసి ఇచ్చింది, ఆ పేర్లు లేనివాళ్లు బాబాయినన్నా మేనమామనన్నా పంపరు. ఎన్నికలొచ్చే నెలల్లో ఇంకాస్త జాగ్రత్త, ఆ కాలంలో దాడులు పెరుగుతాయని ఐక్యరాజ్యసమితి వాళ్లు కూడా హెచ్చరించారు. ఫొటోలు ఫేస్‌బుక్‌లో పెట్టదు, వాట్సాప్ డీపీలో కూడా పెట్టదు.

కానీ లక్ష్మి గారూ, ఆ తల్లి పిల్లాణ్ని దాచదు. ఇల్లు మారినప్పుడు మొదటి వారమే వాణ్ని చంకనెత్తుకుని వీధి పెద్ద దగ్గరికి వెళ్లింది. ఇక్కడ ప్రతి వీధికీ ఎన్నికైన చైర్మన్ ఉంటాడు. "వీడు నా కొడుకు, వీడి పేరు ఇది, వీడికి ఏమైనా అయితే ముందు నీ గుమ్మంలోకే వస్తాను" అని చెప్పింది. పక్కిళ్లకీ తిరిగింది. పిల్లాడి పేరు వీధంతా తెలుసు. జెరుజెరు అనేది ఆల్బినిజం ఉన్నవాళ్లని తిట్టే మాట. ఎవడైనా అలా అరిస్తే వీధి పిల్లలే ఆ అరిచినవాడి మీదికి వెళతారు. మనిషి తెలియాలి, దినచర్య తెలియకూడదు. ఆవిడ లెక్క అది.

దాచడం ప్రభుత్వం కూడా చేసి చూసింది. దాడులు ఎక్కువైన రోజుల్లో పిల్లల్ని షిన్యాంగాలోని బుహంగీజా లాంటి బోర్డింగు బడులకి చేర్చారు. ప్రాణాలు నిలిచాయి, అది తక్కువ సంగతి కాదు. కానీ కొందరు పిల్లల కోసం ఇంటి నుంచి మళ్లీ ఎవరూ రాలేదు. అమ్మ మొహం మర్చిపోయిన పిల్లలున్నారు అక్కడ.

వార్తల్లోవి వద్దన్నావు కానీ ఒక్కటి మాత్రం వినిపిస్తా. ఆరుషలో ఉన్న ఆఫ్రికా మానవ హక్కుల కోర్టు 2025 ఫిబ్రవరిలో, ఆల్బినిజం ఉన్నవాళ్ల హక్కుల్ని టాంజానియా కాపాడలేకపోయిందని తీర్పు చెప్పింది. అంటే ఇక్కడివాళ్లు ఊరికే ఏడుస్తూ కూర్చోలేదు, సొంత ప్రభుత్వాన్నే కోర్టుకి లాగారు. 2010లో లిండీ నుంచి ఆల్బినిజం ఉన్న సలూమ్ బార్వానీ ఎన్నికల్లో గెలిచి పార్లమెంటుకి వెళ్లాడు. 2015లో అబ్దల్లా పోసీ డిప్యూటీ మంత్రి అయ్యాడు. నీ కూతురు ఇక్కడికొస్తే తనలాంటివాళ్లని రోడ్డు మీద, బస్సులో, టీవీలో చూస్తుంది. నరసరావుపేటలో తనొక్కతే.

లిలాంగ్వే_లక్ష్మి
వీధి పెద్దకి చెప్పడం మంచి మాటే. మా దగ్గర కూడా ఊరి పెద్దలకి పిల్లల పేర్లు ఇచ్చిన చోట్లున్నాయి. కానీ ఆ పెద్దే చెడ్డవాడైతే?

పద్మజ_దార్
అందుకే ఒక్కడికే చెప్పకూడదు. పదిమందికి తెలిస్తే ఆ ఒక్కడు పదిమందికి జవాబు చెప్పుకోవాలి.

తెల్లకాకి_తెనాలి
పాప వాళ్లమ్మా, వెంట్రుక ఇవ్వనన్నావు చూడు, అక్కడే సగం పని అయిపోయింది. మా ఇంట్లో అలా అనేవాళ్లు లేక నేను బొబ్బలెక్కాను.

ఒక సలహా. పాపకి ఇప్పట్నుంచే చెప్పడం మొదలుపెట్టు, "నీ ఒంట్లో రంగు తయారవదు, అమ్మ దగ్గర్నుంచి కొంచెం, నాన్న దగ్గర్నుంచి కొంచెం వచ్చింది" అని. ఎవరైనా అడిగినప్పుడు పాపే చెప్పాలి. నాకు పదకొండేళ్లకి గానీ ఎవరూ చెప్పలేదు. అప్పటిదాకా నేను ఏదో తప్పు చేసి పుట్టాననే అనుకున్నాను. ఇంకో సంగతి, అక్కడి వీధి పిల్లలతో ఆడితే ఆరు నెలల్లో స్వాహిలీ వచ్చేస్తుంది. ఎవడు ఏమంటున్నాడో పాపకి అర్థమవడం కూడా రక్షణే.

కంటిచూపు_అద్దాలు
ఆలస్యంగా చూశాను. హైదరాబాద్‌లో ఆప్టోమెట్రిస్టుని, చూపు తక్కువ ఉన్న పిల్లలతో పనిచేస్తాను. ఇంత చర్చలో పాప కళ్ల గురించి ఎవరూ మాట్లాడలేదు!

బడిలో పాప వెనకబడితే అది ఎక్కువగా చూపు వల్లే. తెలివి తక్కువని టీచరు అనుకునే లోపు మీరు చెప్పాలి. ఆల్బినిజంలో రెటీనా మధ్యభాగం పూర్తిగా తయారవదు, కంటి నరాల దారి కూడా మారుతుంది. అందుకే అద్దాలు పెట్టినా చూపు పూర్తిగా రాదు. అలాగని అద్దాలు అనవసరం కాదు. పవర్ సరిచేస్తే ఉన్న చూపు మెరుగవుతుంది, లేతరంగు అద్దాలు వెలుతురు బాధ తగ్గిస్తాయి.

పాప ఏదైనా చూసేటప్పుడు తల ఒక పక్కకి వంచుతుందా? వంచితే వంచనివ్వండి. ఆ కోణంలో కనుగుడ్ల ఊగడం తగ్గి బొమ్మ స్పష్టంగా కనిపిస్తుంది. "తల నిటారుగా పెట్టు" అని సరిచేసే టీచర్లని చాలామందిని చూశాను. పుస్తకం ముక్కుకి ఆనించి చదివినా తిట్టకండి, కళ్లు పాడవవు. ముందు బెంచీ, కిటికీకి వీపు, నల్ల స్కెచ్ పెన్నుతో పెద్ద అక్షరాలు.

దేశం వదిలే ముందు ఎల్వీ ప్రసాద్‌లోనో మరో పెద్ద కంటి ఆసుపత్రిలోనో లో విజన్ విభాగంలో ఒకసారి చూపించండి. చూపు వైకల్యం కిందికి వచ్చేంత తక్కువ ఉంటే యూడీఐడీ కార్డుకి (వికలాంగుల గుర్తింపు కార్డు) కూడా అప్లై చేయండి, తిరిగొచ్చాక పనికొస్తుంది.

సరస్సు_ఒడ్డున
తల వంచుతుంది! వీడియో కాల్లో ప్రతిసారీ ఎడమ పక్కకి వాలుస్తుంది. మా అమ్మ మెడ వంకర అనుకుని నూనె రాయిస్తోంది.

అప్‌డేట్. కంపెనీకి దార్‌లో పోర్టు దగ్గర ఆఫీసు ఉంది. అక్కడికి మార్చమని రాసిచ్చాను, కారణం కూడా దాచకుండా రాశాను. మా మేనేజరు ఇక్కడివాడే. చదివి, వాళ్ల అక్క కొడుక్కి కూడా ఆల్బినిజమని చెప్పాడు. ఇన్నేళ్లుగా పక్క సీట్లో కూర్చుంటున్నాం, నేనూ చెప్పలేదు, ఆయనా చెప్పలేదు. జీతం కొంచెం తగ్గుతుంది. పిడుగు తమ్ముడూ, గుంటూరు సంగతి కూడా బుర్రలో పెట్టుకున్నాను, కుదరకపోతే అదే.

పాప_అమ్మ_నపేట
నూనె మానిపించాను. డాక్టరు గారు రాసింది మా అత్తగారికి చదివి వినిపించాను. "సగం మావాడిదా?" అని ఒకసారి ఆగి, కుంకుమపువ్వు మాట మళ్లీ ఎత్తలేదు. శాంతి పూజ మాత్రం చేయిస్తానంటోంది. గుళ్లో అర్చన అయితే సరే, ఎండలో నిలబెట్టేది, ఒంటికి ఏదైనా రాసేది, జుట్టు తీసేది అయితే వద్దన్నాను. ఒప్పుకుంది.

వేసవి అయ్యాక బయల్దేరుదామనుకుంటున్నాం. పద్మజ అక్కా, మీ స్కూల్లో నర్సరీకి ఎప్పుడు అప్లై చేయాలి? కంటిచూపు గారూ, బోర్డు చూడటానికి చిన్న టెలిస్కోపు ఉంటుందని ఎక్కడో చదివాను. ఇక్కడే కొని తీసుకెళ్లాలా?

పద్మజ_దార్
ఇక్కడ విద్యా సంవత్సరం జనవరిలో మొదలు, కొన్ని ఇంటర్నేషనల్ స్కూళ్లలో ఆగస్టు చివర్లో. ఫారం తెచ్చి పెడతాను. ఇల్లు చూసేటప్పుడు నన్ను పిలవండి, ఏ వీధిలో పెద్ద ఎలాంటివాడో కనుక్కుంటాను. ఇంటి అడ్రసు, స్కూలు పేరు మాత్రం ఇక్కడ రాయకండి, ప్రైవేటు మెసేజ్ పెట్టండి.

కంటిచూపు_అద్దాలు
టెలిస్కోపు ఇప్పుడే వద్దమ్మా. మూడేళ్ల పిల్ల దాన్ని పట్టుకుని గురి చూడలేదు. అక్షరాలు వచ్చి, బోర్డు మీద చూసి రాసే క్లాసుకి వెళ్లాక చూద్దాం. ఇప్పటికి కళ్లద్దాలు చాలు. రెండు జతలు చేయించండి, ఒకటి ఎలాగూ విరగ్గొడుతుంది. జారిపోకుండా వెనక కట్టే ఎలాస్టిక్ తాడు అడిగి తీసుకోండి. చెకప్‌కి వచ్చేటప్పుడు ఖాళీ కడుపుతో తేకండి, కళ్లల్లో చుక్కలు వేశాక రెండు మూడు గంటలు కూర్చోవాలి, పిల్లలు ఆకలికే ఎక్కువ ఏడుస్తారు.